జంగు పట్టిన నట్టును విరగకుండా విప్పడం ఎలా?

పాత కారు కింద ఒక నట్టు కదలకపోతే, మొదట చేయాల్సిన పని పానా కింద పెట్టేయడం. ఇంకొంచెం గట్టిగా లాగితే వస్తుందని చేయి చెబుతుంది. ఆ మాట వినకండి. నేను విన్నాను. మా నాన్నగారి మారుతి 800కి సైలెన్సర్ మార్చుదామని ఒక ఆదివారం సాయంత్రం కూర్చున్నాను. ఇంజను పొగను సైలెన్సర్ పైపులోకి పంపే మానిఫోల్డు దగ్గర ఒక నట్టు మొరాయించింది. చీకటి పడుతోందన్న తొందరలో పానాకు పైపు తొడిగి లాగాను. స్టడ్డు (నట్టు ఎక్కించే, తల లేని బోల్టు) మొదలంటా తెగి నట్టుతో సహా చేతిలోకి వచ్చింది. గంటలో అయ్యే పనికి మూడు రోజులు పట్టింది. మానిఫోల్డు మొత్తం ఊడదీసి లేత్ షాపుకు మోసుకెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ రాసేదంతా మీకు ఆ మూడు రోజులు మిగలాలని.

ముందు మన జంగు గురించి ఒక మాట. వీడియోల్లో ఈ పని చూపించేవాళ్లలో చాలామంది మంచు కురిసే దేశాలవాళ్లు. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు కారు అడుగును తినేస్తాయి. అందుకే వాళ్లు వెంటనే గ్యాస్ మంట అందుకుంటారు. మా వరంగల్‌లో ఉప్పూ లేదు, సముద్రపు గాలీ లేదు. మన దగ్గర మృగశిర కార్తె నుంచి సెప్టెంబరు దాకా పడే వానలు, ఊళ్లకు పోయి వచ్చేటప్పుడు అడుగున అంటుకునే నల్లరేగడి, ఈ రెండే అసలు కారణం. ఆ బురద ఎండి నట్టు చుట్టూ గూడులా గట్టిపడుతుంది, లోపల తేమను పట్టి ఉంచుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు తిరిగే బండ్లకు దానికి తోడు బొగ్గు దుమ్ము. 2023 జూలై చివర్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మునిగి, తర్వాత అడుగు సరిగ్గా కడగకుండా నిలబెట్టేసిన కారైతే మీ పని కొంచెం కష్టమే. మిగతా కార్లకు శుభ్రం చేసి నానబెడితే ఎక్కువ నట్లు వచ్చేస్తాయి. మంట దాకా పోయే అవసరం మనకు తక్కువ.

ఎందుకు పట్టేస్తుంది?

ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. పోయిన ఇనుముకంటే వచ్చిన తుప్పు ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు లోపలా బోల్టు మీదా చుట్లు తిరిగే గాళ్లే మరలు. ఆ రెండు మరల మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. తుప్పు ఆ సందులోనే ఉబ్బి, చెక్క సందులో చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. కాబట్టి మనం చేయాల్సింది రెండే: ఆ తుప్పును పొడిగా పగలగొట్టడం, ఆ పొడిలోకి నూనె దింపడం. బలం ఈ రెండూ అయ్యాకే. ముందే బలం పెడితే తుప్పు కదలదు, బోల్టు మెలితిరుగుతుంది.

అల్యూమినియంలో బిగించిన ఇనుప బోల్టుల కథ వేరు. ఇంజను మీద వాటర్ పంపు, థర్మోస్టాట్ మూత లాంటి చోట్ల ఎర్ర తుప్పు బదులు తెల్లటి పొడి కనిపిస్తుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకుతూ ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది, ఆ పొడే బోల్టును పట్టేస్తుంది. దీనికి నూనె ఒక్కటే సరిపోదు, కొంచెం వేడి కావాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కారును నిలబెట్టడం

దీన్ని చిన్నగా చెప్పినా చిన్న విషయంగా తీసుకోకండి. గట్టిగా లాగే పని ఇది. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు ఆ లాగుడికి పక్కకు ఒరుగుతుంది. సమానంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టండి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి, జాకీతో ఎత్తి ఇనుప స్టాండ్ల మీద దించండి. ఇటుకలు పెట్టకండి. బరువు కింద ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే తెలిసిన మెకానిక్ షెడ్డులో అడిగి తెచ్చుకోండి. అవి దొరికేదాకా కారు కిందికి దూరొద్దు. చక్రాల నట్లు మాత్రం చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి.

కళ్లద్దాలు తప్పనిసరి. కింద పడుకుని పైకి చూస్తూ సుత్తితో కొడితే తుప్పు రేకులు నేరుగా కళ్లలోనే పడతాయి.

పానా సైజు దగ్గరే చాలా నట్లు పాడవుతాయి

మారుతి జపాన్ పద్ధతిలో తయారైన బండి. అందులో 8 ఎంఎం బోల్టుకు తల 12, 10 ఎంఎం బోల్టుకు 14, 12 ఎంఎం బోల్టుకు 17 ఉండటం మామూలు. ప్రీమియర్ పద్మిని ఫియట్ నుంచి వచ్చింది, అక్కడ అవే బోల్టులకు 13, 17, 19. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది కాబట్టి పాత బండ్లలో నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 ఎంఎం. దానికి 13 పానా పెడితే పట్టినట్టే అనిపిస్తుంది, కానీ 0.3 ఎంఎం వదులు. మామూలు నట్టుకు ఆ వదులుతో పని జరిగిపోతుంది. జంగు పట్టిన నట్టుకు మూలలు అరిగి గుండ్రంగా మారడానికి ఆ కాస్త చాలు. అంబాసిడర్ ఉన్నవాళ్లు అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనుక్కోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇరవై ఏళ్లలో ఆ కారు ఎంతమంది చేతుల్లో పడిందో మనకు తెలియదు. ఎవరో ఒక నట్టు మార్చి దొరికిన సైజు బిగించి ఉండొచ్చు. అందుకే ప్రతి నట్టుకూ విడిగా పానా పెట్టి, అటూ ఇటూ కదిపి, వదులు లేదని చూసుకోండి.

నోరు తెరిచి ఉండే డబుల్ ఎండ్ పానా నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది. మొండి నట్టుకు అది వద్దు. ఆరు మూలల సాకెట్ అన్నిటికంటే మంచిది, అది మూలల మీద కాకుండా పక్కల మీద ఒత్తుతుంది. చోటు లేకపోతే రింగ్ పానా. మనకు దొరికే సెట్లలో సాకెట్లు చాలావరకు పన్నెండు మూలలవే ఉంటాయి. కొనేటప్పుడు లోపల చూసి కొనండి. 10, 12, 14, 17 సైజుల్లో ఆరు మూలలవి విడిగా తెచ్చుకున్నా మారుతికి సరిపోతుంది. అడ్జస్టబుల్ స్పానర్‌ను ఈ పని జరిగే చోటుకే రానివ్వకండి.

మట్టి తీయడం, నానబెట్టడం

నూనె కొట్టే ముందు శుభ్రం చేయాలి. మట్టి మీద కొట్టిన నూనెను మట్టే తాగేస్తుంది. పాత పేచ్‌కస్‌తో నల్లరేగడి పెచ్చులు రాల్చండి, తర్వాత వైర్ బ్రష్‌తో రుద్దండి. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరలను మరీ శ్రద్ధగా రుద్దాలి. విప్పేటప్పుడు నట్టు నడవాల్సిన దారి అదే. దాని మీద తుప్పు అలాగే ఉంటే నట్టు రెండు చుట్లు వచ్చి మళ్లీ అక్కడే పట్టేస్తుంది. మిగిలిన పని రేపు చేద్దామనుకున్నా సరే, ఈ రుద్దడం మాత్రం ఇవాళే పూర్తి చేయండి.

ఇప్పుడు నూనె. డబ్ల్యూడీ-40 అన్ని చోట్లా దొరుకుతుంది. పేరులోనే ఉంది, నీళ్లను తోసేయడానికి చేసిన మందు అది. తేలిక జంగుకు బాగానే పనిచేస్తుంది. గట్టిగా పట్టినదానికి జంగు వదిలించడానికే చేసిన స్ప్రే అడిగి తీసుకోవడం మేలు. ఇంట్లో కలుపుకునేది ఒకటుంది: ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో, పవర్ స్టీరింగుల్లో పోసే నూనె, అసిటోన్, రెండూ సమానంగా. ఇవి కలిసి ఉండవు, విడిపోతాయి, కాబట్టి పోసే ముందు ప్రతిసారీ సీసా ఊపాలి. అసిటోన్ పెయింటును, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, నిప్పు చాలా తొందరగా అంటుకుంటుంది. చుక్కలుగా వేయండి, స్ప్రే చేయకండి. ఏమీ లేకపోతే డీజిల్ గానీ గాసునూనె గానీ పనికొస్తాయి, కాకపోతే ఒక రాత్రికి బదులు రెండు మూడు రాత్రులు పడుతుంది.

నూనె మరలోకి తనంతట తానే పాకుతుంది, సందు దొరకాలి అంతే. నట్టుకు రెండు వైపులా వేయండి, వాషరు కింది అంచున కూడా. తలకిందులుగా ఉన్న నట్టు మీద నూనె నిలవదు. పాత నూలు గుడ్డ పీలికను నూనెలో ముంచి నట్టు చుట్టూ చుట్టి, మీద ప్లాస్టిక్ కవరు ముక్క కట్టి వదిలేయండి. రోహిణి కార్తె ఎండలో బయట నిలబెట్టిన కారుకు ఇది మరీ అవసరం, లేకపోతే పోసిన నూనె సాయంత్రానికి ఆవిరైపోతుంది.

ఎంతసేపు? సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి. పదేళ్లు కదలని నట్టుకు కనీసం ఈ ఒక్క రాత్రి ఇవ్వండి. ఆదివారం పని పెట్టుకుంటే శుక్రవారం రాత్రే నూనె మొదలుపెట్టడం నా అలవాటు. సైలెన్సర్ నట్లకైతే ఇంకో సదుపాయం ఉంది: ఇంజను కాసేపు నడిపి ఆపేసి, చేయి పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక నూనె వేయండి. చల్లారేకొద్దీ నూనె లోపలికి దిగుతుంది. కాలుతున్న మానిఫోల్డు మీద మాత్రం వేయొద్దు, మంట లేస్తుంది.

బ్రేకుల దగ్గర జాగ్రత్త. ఈ నూనె బ్రేక్ షూల మీద, డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు. బ్రేక్ ఆయిల్‌లో కలిస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

సుత్తి దెబ్బ

నూనె వేసిన ప్రతిసారీ నాలుగైదు దెబ్బలు కొట్టండి. ఈ దెబ్బ నట్టును తిప్పడానికి కాదు, లోపలి తుప్పును పగలగొట్టడానికి. బోల్టు తల మీద నిలువుగా, బోల్టు పొడవు వెంట కొట్టాలి. నట్టయితే ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, ఎదురు పక్క చిన్న సుత్తితో కొట్టాలి. అలా ఒక్కో పక్కా చుట్టూ తిరిగి రావాలి. బోల్టు కొస మీద నేరుగా కొడితే మర మొదలు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక నట్టు బయటికి రాదు. పోత ఇనుప మానిఫోల్డు మీద, అల్యూమినియం మీద పెద్ద దెబ్బలు వద్దు, పగులుతాయి.

ప్లస్ తల స్క్రూలకు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వస్తుంది. దెబ్బ పడినప్పుడే అది కొంచెం తిరుగుతుంది. మామూలు పేచ్‌కస్‌తో తల చెడగొట్టుకునే ముందే దాన్ని వాడండి.

తిప్పడం: చేతికి ఏం తెలుస్తోంది?

ఈ పనంతటికీ గుండెకాయ ఇదే. దీన్ని రాసి చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను.

మొదట విప్పే వైపు కాదు, బిగించే వైపు కొంచెం ఒత్తండి. పావు అంగుళం కదిలినా చాలు, తుప్పు పెళుసుగా పగులుతుంది. తర్వాత విప్పే వైపు. కుదుపులు వద్దు, మెల్లగా బలం పెంచుతూ పోండి. కింద పడుకుని ఉంటే పానాను తోయకుండా మీ వైపు లాగండి. తోసేటప్పుడు జారితే పిడికిలి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది.

ఇప్పుడు మూడింటిలో ఒకటి జరుగుతుంది. ఒకటి, 'టక్' మని పొడి శబ్దం వచ్చి నట్టు కదులుతుంది. ఇది మంచి శబ్దం. చేతికి కూడా స్పష్టంగా వదిలినట్టు తెలుస్తుంది. రెండు, ఏమీ కదలదు, గోడను లాగినట్టు ఉంటుంది. ఇదీ పర్వాలేదు, మళ్లీ నూనె, మళ్లీ సుత్తి. మూడు, కదులుతున్నట్టే ఉంటుంది కానీ మెత్తగా, రబ్బరు సాగినట్టు కదులుతుంది, వదిలితే కొంచెం వెనక్కి వస్తుంది. ఆగాల్సింది ఇక్కడే. నట్టు తిరగడం లేదు, బోల్టు మెలిపడుతోంది. ఇంకో పావు చుట్టు లాగితే తెగుతుంది. ఆ ఆదివారం నా చేతికి తెలిసింది ఈ మెత్తదనమే. వచ్చేస్తోందని సంతోషపడ్డాను. అనుమానం ఉంటే చాక్‌పీసుతో నట్టు మీదా బోల్టు కొస మీదా కలిపి ఒక గీత గీయండి. రెండు గీతలూ కలిసే తిరుగుతున్నాయంటే నట్టు వదల్లేదని అర్థం.

బలం ఎంత పెట్టాలో ఒక లెక్క చెబుతాను. అడుగు పొడవున్న పానా కొసను 10 కిలోల బరువుతో లాగితే దాదాపు 30 న్యూటన్ మీటర్లు అవుతుంది. 8.8 గ్రేడు (తల మీద ఉండే ఈ అంకె బోల్టు బలాన్ని చెబుతుంది) బోల్టును మామూలుగా బిగించే బలం 6 ఎంఎంకు సుమారు 10, 8 ఎంఎంకు 25, 10 ఎంఎంకు 50, 12 ఎంఎంకు 85. అంటే 6 ఎంఎం బోల్టును అడుగు పానాతో ఒంటి చేత్తోనే తెంపేయొచ్చు. 6కూ 8కీ పైపు తొడగడం అన్న మాటే వద్దు. పైపు అనేది చక్రాల నట్లకు, సస్పెన్షన్ పెద్ద బోల్టులకు.

నట్టు కదిలింది కదా అని ఒక్కసారిగా విప్పేయకండి. పావు చుట్టు విప్పి, అందులో సగం వెనక్కి బిగించి, మళ్లీ విప్పి, మధ్యలో నూనె చుక్క వేస్తూ రండి. పగిలిన తుప్పు పొడి మరల మధ్య పోగవుతుంటుంది, ఈ ముందుకూ వెనక్కూ తిప్పడంతో అది బయటికి వస్తుంది. నూనె గోధుమ రంగులో కారుతుంటే సరిగ్గా చేస్తున్నట్టే. తిప్పేకొద్దీ గట్టిపడుతుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. విసుగు పుడుతుంది, నిజమే. ఒక్క నట్టుకు ఇరవై నిమిషాలు పట్టిన రోజులున్నాయి.

మొదలుపెట్టే ముందు ఇంకోటి చూసుకోండి, అది ఎడమ మర (కుడికి తిప్పితే విడిపోయేది) కాదు కదా! స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్డును సరిచేసే చోట ఒక కొస ఎడమ మర ఉంటుంది. కొన్ని పాత జీపుల్లో ఎడమ వైపు చక్రాల నట్లు కూడా అలాగే. వాటిని మామూలుగా విప్పాలని చూస్తే ఇంకా బిగుస్తాయి.

వేడి

నానబెట్టి, కొట్టి, రెండు రోజులు చూసి, అప్పటికీ రాకపోతే వేడి. ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు సుమారు 1.2 ఎంఎం సాగుతుంది, అల్యూమినియం 2.3 ఎంఎం. 10 ఎంఎం నట్టును 300 డిగ్రీలు వేడి చేస్తే దాని రంధ్రం 0.036 ఎంఎం పెద్దదవుతుంది. చూడటానికి చిన్న సంఖ్యే, కానీ తుప్పు పట్టు వదలడానికి అది చాలు. కాబట్టి వేడి నట్టుకే తగలాలి, బోల్టుకు కాదు. రెండూ కలిసి వేడెక్కితే లాభం లేదు. అల్యూమినియంలో బిగించిన ఇనుప బోల్టుకైతే చుట్టూ ఉన్న అల్యూమినియంకే కొంచెం వేడి ఇవ్వండి, అది ఇనుముకంటే ఎక్కువ సాగి బోల్టును వదులుతుంది. నట్టును ఎర్రగా కాల్చాల్సిన పని కూడా లేదు. వేడిగా ఉండగానే కొవ్వొత్తిని మరకు తాకించండి, మైనం కరిగి లోపలికి పాకుతుంది. అది చక్కటి కందెన. నేను నానబెట్టిన నూనె ఓడిపోయిన చోట మైనం గెలవడం చాలాసార్లు చూశాను.

మంట అందుకునే ముందు ఇవి చదవండి. పోసిన నూనె మొత్తం తుడిచేయాలి. అసిటోన్ వేసి ఉంటే అది పూర్తిగా ఆరి, గాలికి పోయేదాకా మంట వెలిగించొద్దు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట వేడి తగిలితే ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు పుడుతుంది. అక్కడ మంటే వద్దు. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపు, బ్రేకు గొట్టం, షాక్ అబ్జార్బర్, రబ్బరు బుష్షు దగ్గర మంట పెట్టకండి. గ్యాస్ కిట్టు ఉన్న కారైతే ఇంటి దగ్గర మంట పని చేయనే చేయకండి. ఇసుక బకెట్టు పక్కన ఉండాలి, ఇంకో మనిషి కూడా పక్కన ఉండాలి.

తల మీద 8.8, 10.9 అని ఉన్న బోల్టులు వేడితో బలం కోల్పోతాయి. స్టీరింగు, సస్పెన్షన్, బ్రేకుల దగ్గర వేడి చేసిన బోల్టును మళ్లీ బిగించకండి, కొత్తదే వేయాలి.

మూలలు అరిగిపోతే, విరిగిపోతే

మూలలు అరిగితే ఒక సైజు చిన్న ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి దిగగొట్టండి. 13 అరిగితే అర అంగుళం సాకెట్ సరిగ్గా కూర్చుంటుంది. అదీ పట్టకపోతే ఆకురాయితో ఎదురెదురుగా రెండు పక్కలు చదును చేసి వైస్ గ్రిప్ (బిగిస్తే పట్టు వదలని పట్టకారు) బిగించండి. చివరికి నట్టును త్యాగం చేయడమే: గ్రైండర్‌తో గానీ హ్యాక్సా బ్లేడుతో గానీ ఒక పక్క మర దాకా వెళ్లకుండా గాటు పెట్టి, ఉలితో కొడితే నట్టు విచ్చుకుంటుంది. బోల్టు దక్కుతుంది. నట్టు పదిరూపాయల వస్తువు, దాని మీద జాలి వద్దు.

స్టడ్డు విరిగితే ఆ రోజుకు ఆగిపోండి. ఇది మాటవరసకు చెప్పడం లేదు. కోపంలో వేసే డ్రిల్లు ఎప్పుడూ పక్కకే పోతుంది. కొంచెం బయటికి కనిపిస్తుంటే వైస్ గ్రిప్‌తో ప్రయత్నించవచ్చు. సమానంగా తెగిపోయి ఉంటే దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగు చేయించండి. వెల్డింగు వేడి తుప్పును వదిలిస్తుంది, పానా పెట్టడానికి కొత్త తల కూడా వస్తుంది. కారు మీదే వెల్డింగు చేయిస్తే ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి.

డ్రిల్లు వేయాల్సి వస్తే సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, 3 ఎంఎంతో మొదలుపెట్టి, మెల్లటి వేగంతో నూనె వేస్తూ పెంచుకుంటూ పోండి. 8 ఎంఎం మామూలు మరకు ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేయడానికి రంధ్రం 6.8 ఎంఎం, 6 ఎంఎంకు 5. ఈజీ అవుట్ అని ఒక పరికరం అమ్ముతారు, రంధ్రంలో పెట్టి ఎడమకు తిప్పితే విరిగిన ముక్క వస్తుందంటారు. బిగువు వల్ల విరిగిన బోల్టుకు అది పనికొస్తుంది. జంగు వల్ల విరిగినదానికి వద్దని నా గట్టి అభిప్రాయం. పెద్ద పానాకే రాని మరను ఆ సన్నటి పుల్ల తిప్పలేదు, లోపల విరుగుతుంది. అది గట్టి ఉక్కు, దాని మీద మామూలు డ్రిల్లు దిగదు. అప్పుడు సమస్య రెండింతలు. ఆ డబ్బులు పెట్టి ములుగు రోడ్డు ఆటోనగర్‌లో ఏదైనా లేత్ షాపుకు ఆ భాగాన్ని తీసుకెళ్లడం మంచిది. నా మానిఫోల్డు అలాగే బాగుపడింది.

కొన్ని మొండి చోట్లు

చక్రం నట్లన్నీ తీసినా హబ్బుకు అతుక్కుని రాకపోతే కింద పడుకుని కాళ్లతో తన్నకండి. నట్లు తిరిగి పెట్టి, ఒక చుట్టు వదులుగా ఉంచి, కారు దించి, వాకిట్లోనే అడుగు ముందుకూ అడుగు వెనక్కూ మెల్లగా కదిపి బ్రేకు వేయండి. వదిలేస్తుంది.

మారుతి 800 వెనక డ్రమ్ము రాకపోతే దాని ముఖం మీద రెండు మర రంధ్రాలు వెతకండి, మట్టితో పూడిపోయి ఉంటాయి. హ్యాండ్ బ్రేకు వదిలి, ఆ రెండింటిలో 8 ఎంఎం బోల్టులు పెట్టి చెరో అర చుట్టు సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి తోసుకొస్తుంది. ఇది తెలియక డ్రమ్ము అంచు సుత్తితో పగలగొట్టినవాళ్లున్నారు.

సస్పెన్షన్ ఆర్ము బుష్షులో బోల్టు పట్టేయడం అన్నిటికంటే మొండిది. నట్టు వచ్చేస్తుంది, బోల్టు మాత్రం స్ప్రింగులా తిరిగి వెనక్కి వస్తుంది. బోల్టు, బుష్షు లోపలి ఇనుప గొట్టం ఒకటైపోయి రబ్బరు మెలిపడుతోందన్నమాట. మంట పెడితే రబ్బరు కాలుతుంది. ఇక్కడ కోసేయడమే దారి. అందుకే కొత్త బుష్షు, కొత్త బోల్టు చేతిలో పెట్టుకునే పని మొదలుపెట్టండి. కొత్త బుష్షు బోల్టును చివరి బిగువు కారు చక్రాల మీద దిగాకే ఇవ్వాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

బ్రేకు గాలి తీసే నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, చాలా సులువుగా విరుగుతుంది. రెండు రోజుల నానబెట్టడానికి రాకపోతే దానితో పోరాడకుండా వీల్ సిలిండర్ కొత్తది వేసేయండి. బ్రేకు పైపు నట్టు తిప్పేటప్పుడు పైపు కూడా తిరుగుతోందేమో చూడండి, తిరుగుతుంటే వెంటనే ఆగాలి.

మళ్లీ బిగించేటప్పుడు

పాత బోల్టుకు జత వెతకడానికి హార్డ్‌వేర్ షాపుకు పోతే ఒక ఇబ్బంది ఉంది. షాపులో మామూలుగా ఇచ్చే 10 ఎంఎం బోల్టు మర 1.5 (ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం, ఎంఎంలో), మారుతిలో వాడేది 1.25. 12 ఎంఎంకు షాపులో 1.75, కారులో మళ్లీ 1.25. చూడటానికి ఒకలాగే ఉంటాయి, రెండు చుట్లు ఎక్కి పట్టేస్తాయి. అది జంగు అనుకుని పానాతో బిగిస్తే మర పోతుంది. పాత బోల్టు వెంట తీసుకెళ్లి రెండింటి మరలూ ఒకదానికొకటి ఆనించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఆటోమొబైల్ విడిభాగాల షాపులో అడిగితే ఈ తంటా ఉండదు.

మరలు వైర్ బ్రష్‌తో రుద్ది, మొదటి నాలుగు చుట్లూ వేళ్లతోనే ఎక్కించండి. అడుగున ఉండే బోల్టులకు కొంచెం గ్రీజు రాయండి. సైలెన్సర్ దగ్గర గ్రీజు కాలిపోతుంది, అక్కడ మర పట్టేయకుండా కాపాడే, రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టు వాడాలి, నట్టు ఇత్తడిదైతే ఇంకా మంచిది. గ్రీజు రాసిన మర తేలికగా తిరుగుతుంది కాబట్టి అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. చేయి కొంచెం తగ్గించి బిగించండి. నైలాన్ రింగు ఉన్న నట్టు ఒకసారి విప్పాక కొత్తది వేయడమే సరి.

చక్రాల నట్లకు గ్రీజు వద్దు. ముఖ్యంగా నట్టు కోను చక్రానికి ఆనే చోట ఒక్క చుక్క కూడా ఉండకూడదు. హబ్బు ముఖాన్ని మాత్రం బ్రష్‌తో బాగా రుద్ది తుడవండి. నట్లు ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడండి.